మూడు పట్టీల ఎన్‌ఫీల్డ్‌కు గురి కుదరాలంటే ముందు గొట్టం కొలువు

ప్రశ్న: "అన్నా, నేను వర్జీనియాలో ఉంటాను. పోయిన నెల ఇటలీలో తయారైన 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైన్యం వాడిన, మూతి నుంచి దట్టించే రైఫిల్) నకలు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దుకాణంలో దొరికే 0.575 అంగుళాల మినీ తూటాలు, 70 గ్రెయిన్ల (నాలుగున్నర గ్రాముల) నల్లమందు, అదే బ్లాక్ పౌడర్, వాడుతున్నాను. 50 గజాల దూరంలో పది కాలిస్తే నాలుగు కాగితం మీద పడుతున్నాయి, మిగతావి ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. పడిన వాటిలో రెండు చిల్లులు పొడుగ్గా, తూటా అడ్డంగా తగిలినట్టు ఉన్నాయి. లోపం తుపాకీదా, నాదా? కొత్త గొట్టం వేయించమని ఒకాయన అంటున్నాడు. వేయించాలా?"

తమ్ముడూ, గొట్టం జోలికి ఇప్పుడే పోవద్దు. తుపాకీ మీద ఇంకో డాలర్ కూడా పెట్టకు. నీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది: తూటా అడ్డంగా తగిలింది అన్నావు చూడు, అది. అడ్డంగా తగిలిందంటే తూటా గాలిలో పల్టీలు కొడుతోంది. అంటే రైఫ్లింగ్ (గొట్టం లోపల మెలిక తిరిగి ఉండే గాళ్ళు) దాన్ని పట్టుకుని తిప్పలేదు. నీ చెయ్యి వణికితే చిల్లు పక్కకు పోతుంది గానీ పొడుగ్గా మారదు. కాబట్టి ఆ రెండు చిల్లుల పాపం నీది కాదు, తూటాది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే తూటాకూ గొట్టానికీ పొత్తు కుదరలేదు.

నాకూ మొదటి ఏడాది ఇదే కథ. పద్నాలుగేళ్ళ క్రితం సంగతి. వించెస్టర్ ఊరి దగ్గర ఫోర్ట్ షెనాండోవా అని ఒక మైదానం ఉంది, నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ వాళ్ళది. 1950 నుంచి ఉన్న సంఘం. అమెరికా అంతర్యుద్ధం నాటి తుపాకులతో, నిజం తూటాలతో, జట్లుగా పోటీ పెడతారు. 50 గజాల్లో, 100 గజాల్లో మట్టి బిళ్ళలూ పెంకులూ పెట్టి పగలగొట్టాలి. నేను చూడ్డానికని వెళ్ళి, మా ఆఫీసు మిత్రుడు చేతిలో పెట్టిన తుపాకీతో ఒక బిళ్ళ పగలగొట్టాను. అంతే, ఆ పిచ్చి పట్టింది. నెల తిరక్కుండా నీలాగే ఒక సెకండ్ హ్యాండ్ ఎన్‌ఫీల్డ్ కొన్నాను, నీలాగే దుకాణం తూటాలు కొన్నాను, నీలాగే బాక్సుల కొద్దీ మట్టిదిబ్బకు ధారపోశాను.

ఒక శనివారం జట్టులోని పెద్దాయన ఒకరు నా పక్కన నిలబడి చూస్తున్నారు. నేను మందు పోసి, తూటా గొట్టం మూతిలో పెట్టాను. తూటాను కిందికి తోసే కడ్డీ, అదే రామ్‌రాడ్, ఇంకా బయటకు తీయనేలేదు, తూటా తనంతట తానే జర్రున జారి "టక్" మని అడుగున పడింది, నూతిలో చేద వదిలినట్టు. ఆయన నవ్వి, "దాన్ని కిందికి వంచితే మళ్ళీ బయటకు కూడా వచ్చేస్తుంది, చూస్తావా?" అన్నారు. జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అందులో పెన్సిల్ ముక్కల్లాంటి ఉక్కు పిన్నులు, ఒక్కోటీ అంగుళంలో వెయ్యో వంతు తేడాతో. తుపాకీ ఖాళీ చేయించి, తుడిపించి, వరసగా మూతిలో పెట్టి చూశారు. 0.578 పిన్ను దిగింది. 0.579 దిగింది. 0.580 నూనె రాసిన పిస్టన్‌లా నెమ్మదిగా దిగింది. 0.581 మూతి దగ్గరే ఆగిపోయింది. నా గొట్టం 0.580. నేను వేస్తున్న తూటా డబ్బా మీద 0.575 అని ఉంది, కొలిస్తే 0.574.

అంగుళంలో వెయ్యికి ఆరు వంతులు. చెప్పుకోడానికి వెంట్రుకవాసి కన్నా కాస్త ఎక్కువ. గురి నాశనం కావడానికి అది చాలు.

ఎందుకో తెలియాలంటే మినీ తూటా ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడాలి. మూతి నుంచి దట్టించే తుపాకీలో ఎప్పుడూ ఉన్న చిక్కు ఒకటే. తూటా బిగుతుగా ఉంటే రైఫ్లింగ్ బాగా పడుతుంది గానీ యుద్ధంలో సిపాయి దాన్ని సుత్తితో కొట్టి దించాలి. వదులుగా ఉంటే గబగబా దిగుతుంది గానీ తిరగదు. ఫ్రాన్స్‌లో క్లోడ్ ఎటియెన్ మినీ 1849లో దీనికి దారి చూపించాడు. తూటా అడుగున గుల్ల చేసి అందులో ఇనప గిన్నె పెట్టాడు. మందు అంటుకోగానే గిన్నె ముందుకు దూసుకుపోయి సీసాన్ని విప్పార్చి గాళ్ళలోకి నెడుతుంది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీలో జేమ్స్ బర్టన్ ఆ గిన్నె కూడా అక్కర్లేదని తేల్చాడు. గుల్ల అంచు పల్చగా ఉంటే గాలి ఒత్తిడే దాన్ని తెరుస్తుందన్నాడు. నువ్వు వాడేది ఆ బర్టన్ రకమే. గుల్ల చుట్టూ ఉన్న ఆ పల్చటి అంచునే మేం స్కర్ట్ అంటాం. నీ గురి మొత్తం ఆ స్కర్ట్ మీద ఆధారపడి ఉంది. అది నాలుగు వైపులా సమంగా, చాలినంత తెరుచుకోవాలి. తక్కువ తెరుచుకుంటే తూటా తిరగదు. ఎక్కువ తెరుచుకుంటే చిరిగి, మూతి దాటగానే వంకర తిరుగుతుంది. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ ఒక్క అంచును సరిగ్గా తెరిపించడం గురించే అనుకో.

కాబట్టి మొదటి పని కొలత. డిజిటల్ కాలిపర్ మూతిలో పెట్టి చూస్తే సరిపోదు. ఎన్‌ఫీల్డ్‌కు మూడే గాళ్ళు. మూడు బేసి సంఖ్య కదా, ఒక మిట్టకు ఎదురుగా ఇంకో మిట్ట రాదు, గాడి వస్తుంది. కాలిపర్ ఒక దవడ మిట్ట మీద, ఇంకోటి పల్లంలో ఆనుకుని ఏదో ఒక దొంగ అంకె చూపిస్తుంది. పిన్ను గేజీలే దారి. కొనక్కర్లేదు, మెషిన్ షాపులో పనిచేసే వాళ్ళెవరైనా తెలిస్తే అడుగు, లేదా జట్టులో ఎవరి దగ్గరైనా ఉంటాయి. నేను చేతిలోకి తీసుకుని కొలిచిన నకళ్ళలోనే 0.576 నుంచి 0.582 దాకా చూశాను. అన్నీ ".58 క్యాలిబర్" అని చెక్కినవే. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రెండు తుపాకులు పక్కపక్కన పెడితే కూడా తేడా వచ్చింది. అందుకే "ఎన్‌ఫీల్డ్‌కు ఏ సైజు తూటా?" అని అడిగి ఎవరో చెప్పిన అంకె కొనుక్కోవడం పెళ్ళికొడుకును చూడకుండా షేర్వాణీ కుట్టించడం లాంటిది.

గొట్టం అంకె తెలిశాక తూటా దానికన్నా అంగుళంలో వెయ్యికి ఒకటి, మహా అయితే రెండు వంతులు తక్కువ ఉండాలి. నా 0.580 గొట్టానికి నేను వేసేది 0.579. రామ్‌రాడ్‌తో రెండు వేళ్ళ బలంతో, ఎక్కడా ఆగకుండా, జారిపోకుండా దిగాలి. ఇందుకోసం తూటాను అచ్చులో కాస్త పెద్ద సైజులో పోసి, సైజింగ్ డై అనే ఉక్కు రంధ్రం గుండా నెట్టి కావలసిన అంకెకు తెచ్చుకుంటారు. డై మీద పెట్టే ఖర్చు గొట్టం ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు. ఒకవేళ నీ గొట్టం 0.582 దాటితే అప్పుడు వేరే అచ్చు చూడాలి. గొట్టం మార్చడం ఆ తర్వాతి మాట.

ఇక సీసం. దుకాణం తూటాలు ఏ సీసంతో పోశారో నీకు తెలియదు, అందుకే వాటిని నేను నమ్మను. మినీ తూటాకు స్వచ్ఛమైన మెత్తటి సీసం కావాలి, కల్తీ లేనిది. కారు చక్రాలకు కొట్టే తూకం ముక్కల్లో యాంటిమొనీ కలుస్తుంది, దాంతో గట్టిపడుతుంది. గట్టి సీసం స్కర్ట్ తెరుచుకోదు. పాత నీళ్ళ పైపులు, ఇంటి కప్పు అంచులకు వేసే సీసపు రేకులు, ఎక్స్‌రే గదుల గోడల్లోంచి తీసిన రేకులు, ఇవి మంచివి. పరీక్ష పెద్ద విద్యేం కాదు. బొటనవేలి గోరుతో గట్టిగా గీస్తే గీత పడాలి. కాంక్రీటు మీద వేస్తే "దబ్" మని మొద్దు చప్పుడు రావాలి. "ఖణేల్" మంటే పక్కన పెట్టు, చేపల గాలానికి పనికొస్తుంది.

పోత పోయడం నేర్చుకో. రెండు వారాంతాలు చాలు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది గానీ ఇంత లావు తూటాకు 400 దాటించి 425 దాకా వేడి ఉండాలి. మినీ అచ్చులో మూడు భాగాలు, రెండు సగాలూ మధ్యలో గుల్లను చేసే మేకు. ఆ మేకు వేడెక్కేదాకా స్కర్ట్ అంచు ముడతలు పడుతుంది. అందుకని మొదటి పదీ పదిహేనూ లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ మూకుట్లో పడేయాలి. తొలి అట్టు పెనానికే అన్నట్టు. అచ్చు కుదురుకున్నాక తూటాలు వెండి రంగులో నున్నగా రాలుతుంటే ఆ సుఖం వేరు. కొంచెం పొగబారినట్టు తెల్లగా వస్తే భయపడకు, వేడి ఎక్కువైంది, అంతే. ముడత మాత్రం క్షమించకు, ముఖ్యంగా అడుగు అంచు దగ్గర. తూటా ముక్కు మీద చిన్న గుంట ఉన్నా పరవాలేదు, అడుగు అంచు మీద చిన్న గంటు ఉన్నా అది ఎటు పోతుందో చెప్పలేం. వదిలి వెళ్ళేటప్పుడు చివరిగా గొట్టాన్ని తాకేది ఆ అంచే కాబట్టి.

తర్వాత చిన్న త్రాసు మీద తూచు. 500 గ్రెయిన్ల తూటా అంటే మన లెక్కలో 32 గ్రాముల పైచిలుకు. మిగతా వాటి కన్నా రెండు మూడు గ్రెయిన్లు తేలిగ్గా తూగిందంటే లోపల ఎక్కడో గాలి బుడగ ఉన్నట్టు. బుడగ ఉన్న తూటా ఒక వైపు బరువు తగ్గిన బొంగరం. దాన్ని పారేయక్కర్లేదు, మళ్ళీ కరిగించు.

రెండు జాగ్రత్తలు, ఇవి వేళాకోళం కాదు. ఒకటి, కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడకూడదు. పోపులో తడి ఆకు పడితే చిటపటమంటుంది కదా, ఇక్కడ మూకుడు మూకుడే ఎగిరి మొహం మీద పడుతుంది. చెమట చుక్కకు కూడా ఇది వర్తిస్తుంది. కళ్ళజోడు, తోలు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకు బూట్లు. రెండు, వంటింట్లో వద్దు, వంట గిన్నెలు వద్దు, పిల్లలు దరిదాపుల్లో వద్దు. ఆరుబయట, గాలి నీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడు. అయ్యాక చేతులు మోచేతుల దాకా కడుక్కుని అప్పుడు టీ తాగు.

ఇప్పుడు మందు సంగతి. 70 గ్రెయిన్లు ఎందుకు వేస్తున్నావో నాకు తెలుసు. 1853 ఎన్‌ఫీల్డ్‌కు బ్రిటిష్ సైన్యం వేసింది రెండున్నర డ్రాములు, అంటే సుమారు 68 గ్రెయిన్లు అని ఎక్కడో చదివి ఉంటావు. నిజమే. కానీ వాళ్ళది కాగితం చుట్టిన ప్రిచెట్ తూటా, నీది స్కర్ట్ ఉన్న బర్టన్ తూటా. పైగా వాళ్ళ అసలు గొట్టాల్లో తర్వాతి రోజుల్లో గాళ్ళు మందు గది దగ్గర లోతుగా మొదలై మూతి వైపు వచ్చేకొద్దీ పలచబడేవి, తూటాను దారి పొడవునా బిగిస్తూ తెచ్చేవి. 1970లలో బర్మింగ్‌హామ్‌లో పార్కర్-హేల్ వాళ్ళు చేసిన నకళ్ళలో ఈ పద్ధతి ఉంది, అందుకే ఇప్పటికీ వాటి కోసం జనం ఎగబడతారు. చాలా ఇటలీ నకళ్ళలో గాళ్ళ లోతు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. పల్చటి స్కర్ట్ తూటా కింద 70 గ్రెయిన్లు పేలిస్తే అంచు ట్రంపెట్ బూరలా విచ్చుకుపోతుంది. వాన పడిన మర్నాడు మట్టిదిబ్బ దగ్గరికి వెళ్ళి నీ తూటాలు నాలుగు ఏరుకో. అంచు గుండ్రంగా ఉండి, దాని చుట్టూ మూడు గాళ్ళ ముద్ర సమంగా పడి ఉంటే మందు సరిపోయింది. అంచు ఒక పక్క చిరిగి పువ్వులా విచ్చుకుంటే మందు ఎక్కువ. గాళ్ళ ముద్ర అసలు లేకపోతే తూటా చిన్నది, లేదా సీసం గట్టిది. నీ వాటి మీద ముద్ర ఉండదని పందెం కాస్తాను.

50 గజాల కోసం 35 గ్రెయిన్లతో మొదలుపెట్టు. బల్ల మీద ఇసక సంచి ఆసరాతో ఐదు కాల్చు. తర్వాత రెండున్నర గ్రెయిన్లు పెంచి కొత్త కాగితం మీద ఐదు. అలా 60 దాకా, నీ తుపాకీ పుస్తకంలో రాసిన గరిష్టం దాటకుండా. కాగితం మీద చిల్లుల గుంపు విప్పారుతూ, దగ్గరవుతూ, మళ్ళీ విప్పారుతూ కనిపిస్తుంది. దగ్గరైన చోట ఆగు. నా మొదటి తుపాకీకి అది 42.5, ఇప్పటి దానికి 47.5. నీ దానికి ఎంతో దాన్నే అడగాలి. ఒకసారికి ఒక్కటే మార్చు, ఇది మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించుకో. మందూ తూటా సైజూ తూటాకు పూసే జిడ్డూ ఒకే రోజు మార్చి "ఇవాళ బాగా కుదిరింది" అంటే ఏది కుదిర్చిందో ఎలా తెలుస్తుంది? కాల్చే రోజు కొలుచుకుంటూ కూర్చోకుండా ఇంట్లోనే ప్లాస్టిక్ గొట్టాల్లో కొలతలు నింపి మూతలు పెట్టుకో. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో డబ్బా మొత్తం పేలుతుంది. నిజమైన నల్లమందే వాడు, 3ఎఫ్ అనే సన్న పలుకు రకం చాలు. పొగలేని మందు ఒక్క చిటికెడు కూడా ఈ తుపాకీలో వేయకూడదు, గొట్టం చీలిపోతుంది.

జిడ్డు గురించి చెప్పాలంటే ముందు మన స్కూలు పాఠం గుర్తు చేయాలి. 1857లో కొవ్వు పూసిన తూటాలు అని చదువుకున్నాం కదా, ఆవు కొవ్వు, పంది కొవ్వు, మీరట్‌లో 85 మంది సిపాయిలు తాకనన్నారు, మే 10న తిరుగుబాటు మొదలైంది. ఆ తుపాకీ ఇదే, నీ చేతిలో ఉన్న మోడలే. చిన్నప్పుడు నాకు అర్థం కానిది ఒకటి ఉండేది: అసలు తూటాకు కొవ్వు ఎందుకు పూయాలి? టీచర్ చెప్పలేదు, నేను అడగలేదు. దానికి జవాబు నాకు వర్జీనియాలో దొరికింది. నల్లమందు కాలితే సగానికి పైగా గట్టి మసిగా మిగిలిపోతుంది. జిడ్డు లేకుండా కాలిస్తే ఐదారు తూటాలకే గొట్టం లోపల చెట్టు బెరడులా మసి కట్టి, ఏడోది సగంలో ఇరుక్కుంటుంది. జిడ్డు ఆ మసిని మెత్తగా ఉంచుతుంది, తర్వాతి తూటా దాన్ని ఊడ్చుకుంటూ దిగుతుంది. యుద్ధరంగంలో తుడుచుకునే తీరిక ఉండదు కాబట్టి సైన్యానికి కొవ్వు లేకుండా గడవదు. గొడవ ముదిరాక సిపాయిలు తమకు నచ్చిన జిడ్డు తామే పూసుకోవచ్చనీ, పళ్ళతో కాకుండా చేత్తో చింపొచ్చనీ ఆదేశాలిచ్చారు. అప్పటికే అనుమానం ఊరూరా పాకింది.

మా ఇంట్లో ఆ తిరుగుబాటు ఇంకా నడుస్తూనే ఉంది. తేనె మైనంలో గొర్రె కొవ్వు కలిపితే మంచి జిడ్డు వస్తుంది. మా ఆవిడ శాకాహారి, "ఆ వాసన ఈ గడప దాటి లోపలికి రాకూడదు" అని శాసనం. కాబట్టి నేను తేనె మైనం, వెజిటబుల్ షార్టెనింగ్ కలుపుతాను, చలికాలం మైనం కొంచెం తగ్గిస్తాను, జూలైలో పెంచుతాను. ఒకసారి తెలివి ప్రదర్శించి కొబ్బరినూనె కలిపాను. అక్టోబరులో బ్రహ్మాండం. జూలైలో ఎండకు కరిగి కారి, డబ్బాలో తూటాలు తైలాభ్యంగనం చేసుకున్నట్టు తేలాయి. అంతకన్నా పెద్ద తప్పు మొదటి ఏడాది చేశాను. కారు బేరింగులకు వేసే గ్రీజు పూశాను. పెట్రోలియం జిడ్డు నల్లమందు మంటలో తారుగా మారుతుంది. ఆ తారు వదిలించడానికి ఒక ఆదివారం సరిపోలేదు. నువ్వు మాత్రం చెట్టుదో జంతువుదో తీసుకో, భూమిలోంచి తీసినది వద్దు. తూటా చుట్టూ ఉన్న గాళ్ళు నిండేలా పూయి. అడుగు గుల్లలో కొందరు నింపుతారు, కొందరు నింపరు. నేను నింపను.

సైజు, సీసం, జిడ్డు మూడూ కుదిరితే ఇరవై తూటాలు తుడవకుండా కాల్చవచ్చు. పదో తూటా దగ్గరే బిగుసుకుంటుంటే జిడ్డు చాలడం లేదని అర్థం.

దట్టించే పద్ధతి గురించి రెండు మాటలు. మొదలుపెట్టే ముందు గొట్టంలోని నూనె పొడి గుడ్డతో తుడిచెయ్యి. తర్వాత క్యాప్ (హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ) ఒకటి నిపుల్ మీద, అంటే అది కూర్చునే సన్న రంధ్రపు మొన మీద, పెట్టి, మూతిని గడ్డిపోచ దగ్గర ఉంచి పేల్చు. గడ్డిపోచ ఊగితే దారి ఖాళీగా ఉంది. ఊగకపోతే నిపుల్‌లో నూనె అడ్డుపడింది. మొదటి ఒకటి రెండు తూటాలు గుంపుకు దూరంగానే పడతాయి, శుభ్రమైన గొట్టం లక్షణం అది. వాటిని లెక్కపెట్టకు, దిబ్బకు వదిలెయ్యి. తూటా మందు మీద ఆనే దాకా దించు, కానీ రామ్‌రాడ్ ఎత్తెత్తి కొట్టకు. కొడితే మెత్తటి ముక్కు నలిగి ప్రతి తూటా ఒక్కో ఆకారంలో తయారవుతుంది. రామ్‌రాడ్ తల తూటా ముక్కుకు సరిపోయేలా గుంటగా ఉందో లేదో చూసుకో. సరిగ్గా దిగినప్పుడు రామ్‌రాడ్ ఎంత బయట ఉంటుందో అక్కడ టేపు చుట్టి పెట్టుకో. తూటా మందుకు పైన సగంలో ఆగితే మధ్యలో ఖాళీ ఉంటుంది, అలా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలవచ్చు కూడా. ఆ టేపు గీత నీ ప్రాణానికి గీత. ముఖం మూతి మీదకు ఎప్పుడూ వంచకు. క్యాప్ పెట్టేది కాల్చే వరసలో నిలబడ్డాకే. పేలకపోతే ఒక నిమిషం పైగా అలాగే ముందుకు గురిపెట్టి ఉంచి, ఆ తర్వాతే వేరే ఆలోచన.

ఇవన్నీ అయ్యాక గుంపు ఒక చోటికి వస్తుంది. అది నువ్వు గురిపెట్టిన చోట ఉండదు, దాదాపు ఎప్పుడూ పైకి ఉంటుంది. ఎందుకంటే ఎన్‌ఫీల్డ్‌కు గురి చూసే వెనక సైట్‌లో కనిష్ఠం 100 గజాలు. అక్కడి నుంచి నిచ్చెన ఎత్తుకుంటూ పోతే మొదటి మోడళ్ళలోనే 900 దాకా ఉంది. ఈ తూటా కొబ్బరికాయ విసిరినట్టు వంపుగా పోతుంది, దూరం తప్పు అంచనా వేస్తే తల మీదుగానో కాళ్ళ ముందో పడుతుంది. అందుకే 1853లో హైత్ అనే ఊళ్ళో బ్రిటిష్ వాళ్ళు ప్రత్యేకంగా బడి పెట్టి సిపాయిలకు కంటితో దూరం లెక్కగట్టడం నేర్పించారు. నీకు ఆ గొడవ లేదు, దూరం తెలిసినదే. నీకు కావలసింది ఎత్తైన ముందు సైట్.

సూత్రం ఒకటే: తూటా ఎటు పోతే ముందు సైట్‌ను అటు జరుపు. పైకి పోతుంటే పైకి పెంచు, కుడికి పోతుంటే కుడికి. ఎంత అనేది లెక్క. రెండు సైట్ల మధ్య దూరం టేపుతో కొలువు, 33 అంగుళాలు అనుకుందాం. గుంపు మధ్య 6 అంగుళాలు పైకి ఉంది. 50 గజాలు అంటే 1800 అంగుళాలు. 33ను 6తో గుణించి 1800తో భాగిస్తే 0.11 అంగుళం. అంత ఎత్తు పెంచాలి. నిజానికి ఇంకా ఎక్కువే పెంచి, మైదానంలోనే ఆకురాయితో కొద్దికొద్దిగా దించుకుంటూ రా. తీసిన ఇనుము మళ్ళీ అతకదు. ఈ మోడల్‌లో ముందు సైట్ దిమ్మ బాయొనెట్‌కూ ఆసరా కాబట్టి పక్కకు జరపడం కుదరదు. లావు బ్లేడు పెట్టించుకుని, గుంపు కుడికి ఉంటే బ్లేడు ఎడమ పక్క అరగదీయి. ఈ పని గుంపు కుదిరాకే చేయాలి. గుంపు లేకుండా సైట్ దిద్దడం పరిగెత్తే మేకకు బొట్టు పెట్టడమే.

ఇక చిల్లర విషయాలు. గొట్టాన్ని పట్టుకునే మూడు పట్టీలు మరీ బిగించకు, వేడెక్కిన గొట్టం సాగడానికి చోటు లేక గుంపు మెల్లగా పైకో పక్కకో నడుస్తుంది. కర్రలో గొట్టం ఎక్కడ ఒత్తుకుంటోందో తెలుసుకోవాలంటే గొట్టం అడుగున కొవ్వొత్తి మసి పట్టించి, కర్రలో పెట్టి తీయి. కాటుక అంటిన చోట మిట్ట ఉన్నట్టు. నిపుల్ రంధ్రం కాలిపోయి పెద్దదైతే హ్యామర్ వెనక్కి తంతుంది, అప్పుడు కొత్తది వెయ్యి, పది పదిహేను డాలర్ల పని. ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం, నకళ్ళలో దారుణంగా ఉంటుంది, కానీ ఆకురాయి నువ్వు పట్టుకోకు. హ్యామర్‌ను సగం ఎత్తులో ఆపి ఉంచే గాడి పాడైతే తుపాకీ తనంతట తాను పేలుతుంది. అది తెలిసిన గన్‌స్మిత్‌కే ఇవ్వు. శుభ్రం చేయడానికి మామూలు నీళ్ళు చాలు, అదే రోజు, ఎంత రాత్రైనా. తర్వాత పొడి గుడ్డ, తర్వాత నూనె.

కాల్చేటప్పుడు ఒక్క మాట. ఈ తుపాకీలో ట్రిగ్గర్ నొక్కడానికీ తూటా బయటికి రావడానికీ మధ్య నీకు తెలిసేంత వ్యవధి ఉంటుంది. హ్యామర్ పడుతుంది, క్యాప్ పేలుతుంది, నిప్పు సందులోంచి మలుపు తిరిగి మందు చేరుతుంది. ఆ లోపు నువ్వు "ఎక్కడ తగిలిందా" అని తల ఎత్తితే అయిపోయింది. పొగ నీ ముఖం ముందు నుంచి చెదిరేదాకా చెంప కర్ర మీద నుంచి తీయకు.

ఇండియా నుంచి చదివే వాళ్ళకు: అక్కడ మూతి నుంచి దట్టించే తుపాకీకి కూడా ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి, ఇవన్నీ ఇంట్లో చేసి చూడకండి.

బల్ల మీద నుంచి 50 గజాల్లో ఐదు తూటాలు మూడు అంగుళాల్లో పడితే నీ తుపాకీ పోటీకి సిద్ధంగా ఉన్నట్టు. రెండు అంగుళాలు వస్తే నాకు అమ్మేయమని అడుగుతాను. వచ్చే శనివారం పిన్నులు పెట్టి కొలిచి అంకె ఇక్కడ రాయి. 0.577, 0.578, 0.579లలో ఏదైనా అయితే సరిపడే డైలు నా దగ్గర ఉన్నాయి, వచ్చి ఓ వంద తూటాలు నెట్టుకుని తీసుకుపో. సీసం మాత్రం నువ్వే తెచ్చుకో.